పొద్దున దిగిన పెట్టెలు

మందుల పంపిణీ కంపెనీలో ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ మళ్ళీ మేడమ్. కంప్యూటర్‌ని ఏ ప్రశ్న అడిగినా మూడుసార్లు అడగడం ఆవిడ అలవాటు. మొదటిసారి జవాబు కోసం. రెండోసారి, అదే జవాబు వస్తుందో రాదో చూడటానికి. మూడోసారి ప్రశ్నలో ఒక్క ముక్క మార్చి అడిగేది, ఇది నిజంగా వెతుకుతోందా, మన చెవిలో పువ్వు పెడుతోందా అని తేల్చుకోవడానికి. పక్కన కూర్చున్నవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చేది. "వచ్చేసింది కదా మేడమ్, ఇంకేంటండీ?" అని విసుక్కుంటే, తెర మీంచి చూపు తిప్పకుండా "మళ్ళీ" అనేది.

ఇరవై రెండో ఏట ఆ కంపెనీ డిపోలో చీటీలు టైపు చేసే పనికి చేరింది. ఇప్పుడు యాభై నాలుగు. ఒక్క డిపో పద్ధెనిమిది డిపోలయింది. చీటీలు పోయి కంప్యూటర్లొచ్చాయి. ఆ కంప్యూటర్లన్నిటిలో ఉన్నది ఒకచోటికి పోగుచేసే డేటా వేర్‌హౌస్ వచ్చింది. పేరుకి గిడ్డంగే గానీ అందులో మందులుండవు, మందుల సమాచారం ఉంటుంది. ఏ బ్యాచ్ ఏ ఫ్యాక్టరీలో తయారైంది, ఏ డిపోకి వచ్చింది, ఏ బండిలో ఏ కొట్టుకి వెళ్ళింది, అన్నీ అడిగితే చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా దాని మంచీచెడ్డా ఆవిడే చూస్తోంది.

ఆ మూడుసార్ల చాదస్తం ఊరికే పట్టుకోలేదు. పందొమ్మిదేళ్ళ కిందట కళ్ళలో వేసుకునే చుక్కల మందు ఒక బ్యాచ్ చెడిపోయిందని కబురొచ్చింది. అది ఏయే కొట్లలో ఉందో జాబితా తీసింది ఆవిడే. నూటపది కొట్లకీ మనుషులు పరిగెత్తారు, సరుకు వెనక్కి తెచ్చారు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడు కొట్లు మిగిలిపోయాయని తర్వాత తెలిసింది. ఆ రోజు పొద్దున బండి దింపిన పెట్టెలవి. ఏ రోజు సరుకైనా మర్నాటికి గానీ గిడ్డంగి లెక్కలోకి ఎక్కేది కాదు. ఆ మూడింట్లో ఒక కొట్లో సీసా కొన్న దర్జీకి కుడికన్ను పోయింది.

కంపెనీ తరఫున వకీలు వెళ్ళాడు. తన తరఫున తను వెళ్ళింది. దర్జీ తిట్టలేదు, ఏడవలేదు. "మీ జాబితాలో మా వీధి కొట్టెందుకు లేదమ్మా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఆఫీసుకెళ్ళి, నెల తిరక్కుండా ఆ గిడ్డంగికి ఒక దారి కట్టింది. డిపో గేటు దాటిన ఏ పెట్టైనా పది నిమిషాల్లో లెక్కలోకి ఎక్కి తీరాలి. ఆ తర్వాత తొమ్మిదిసార్లు చెడ్డ బ్యాచ్‌లు వెనక్కి రప్పించారు. ఒక్క కొట్టూ తప్పిపోలేదు. దానికి ఎవరూ శాలువా కప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఆ గిడ్డంగి పాతబడి మూలుగుతోందని అందరికన్నా ముందు చెప్పింది కూడా ఆవిడే. సర్వర్లకి విడిభాగాలు దొరకడం లేదు. నెలాఖరు వస్తే ఆయాసపడుతోంది. గిడ్డంగి మళ్ళీ కట్టుకోవడానికి కొత్త ప్లాట్‌ఫాం కొనక తప్పదని ఛైర్మన్ ఒప్పుకున్నాడు. అప్పటికి విభాగానికి కొత్త హెడ్డు వచ్చి ఆర్నెల్లయింది. ఎక్కడో పెద్ద కంపెనీలో చేసి వచ్చిన మనిషి. ఇస్త్రీ మడత నలగదు, గొంతు పెరగదు, ఏ మాటా సూటిగా రాదు.

"మూడు ప్లాట్‌ఫాంలున్నాయి మేడమ్. మీరే పరీక్షించి, పోల్చి చూసి, రిపోర్టు ఇవ్వాలి. మీ అనుభవానికి అదే గౌరవం" అన్నాడు హెడ్డు.

ఆవిడ నిజంగానే సంతోషపడింది. అది తలుచుకుంటే తర్వాత తర్వాత తనమీద తనకే ఒళ్ళు మండేది.

మూడు కంపెనీలూ మూడు రంగుల కవర్లలో తమ గొప్పలు పంపాయి. నీలం, ఆకుపచ్చ, నారింజ. ఆవిడ వాటిని ఆ రంగులతోనే పిలిచేది. కవర్లలో రాసింది చదివితే మూడూ ఒకటే. మూడూ ప్రపంచంలో అందరికన్నా వేగం, మూడూ అందరికన్నా చవక. కవర్లు బీరువాలో పడేసి, ఆవిడ డిపోకి పోయి కూర్చుంది. బండి డ్రైవర్లని, వాపసుల కౌంటర్ మనిషిని, డిపో గుమాస్తాని పట్టుకుని, "రోజూ మీకు తెలియాల్సిందీ, తెలియక చచ్చేదీ ఏంటి?" అని అడిగింది. వాళ్ళు చెప్పినవాటి నుంచి పన్నెండు ప్రశ్నలు తీసింది. మొదటిది: ఈ బ్యాచ్ ఇప్పుడు ఏయే కొట్లలో ఉంది? ప్రతి ప్రశ్నకీ ఒక బ్యాచ్ నంబరో, ఒక తేదీయో పెట్టి, కాగితం ఒక కాపీ తన దగ్గర ఉంచుకుంది, ఒక కాపీ హెడ్డుకి ఇచ్చింది. మూడో కాపీ లేదు.

మూడు నెలలు పరీక్షలు సాగాయి. నారింజ గట్టిదే గానీ, దాన్ని నడపడానికి ఇంకో నలుగురు మనుషులు కావాలి. ఆకుపచ్చ తెర చూస్తే నిద్రొస్తుంది, జవాబుకి ఒక్కోసారి నిమిషం పడుతుంది, కానీ అయిదు నిమిషాల కిందట గేటు దాటిన పెట్టె కూడా అందులో కనిపిస్తుంది. నీలం వంతు ఆఖర్న వచ్చింది.

ఆ రోజు ఛైర్మన్ కూడా వచ్చి కూర్చున్నాడు. నీలం కవరు మనిషి నవ్వుతూ మొదటి ప్రశ్న కొట్టాడు. రెండు సెకన్లు. కొట్ల జాబితా రంగురంగుల పటం మీద మెరుస్తూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మళ్ళీ" అంది ఆవిడ.

రెండు సెకన్లు. "చూశారా మేడమ్!" అన్నాడు నీలం కవరు మనిషి.

"ఆ బ్యాచ్ కాదు బాబూ, దాని పక్క నంబరు కొట్టు."

అతని నవ్వు సగంలో ఆగింది. హెడ్డు వైపు చూశాడు. హెడ్డు తన పెన్ను మూత చూసుకున్నాడు. పక్క నంబరు కొట్టక తప్పలేదు. తెరమీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఛైర్మన్ అయిదు నిమిషాలు చూసి, పనుందని లేచి వెళ్ళిపోయాడు. జవాబు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా ఆవిడ డిపో గుమాస్తాకి ఫోన్ చేసింది.

"ఇందాక నేను చెప్పిన మొదటి బ్యాచ్, పొద్దున ఎన్ని కొట్లకెళ్ళిందయ్యా?"

"పద్నాలుగండీ. తొమ్మిదింటికే దింపేశారు."

ఆ పద్నాలుగింట్లో ఒక్కటీ రంగుల పటం మీద లేదు. అది వెతికి చెప్పిన జవాబు కాదు. అడగబోయే ప్రశ్న ముందే తెలుసుకుని, క్రితం రోజే జవాబు తయారుచేసి దాచుకుని, అడిగీ అడగ్గానే తీసి చూపించారు. ప్రశ్నల కాగితం ఇద్దరి దగ్గరే ఉంది. తను ఇవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా చప్పుడయ్యాయి. డ్రాయింగ్ మాస్టారైన భర్త వాతావరణం కనిపెట్టి బల్ల సర్దుకుంటూ కూర్చున్నాడు. అత్తగారికి అంత ఓర్పు లేదు.

"ఏమయిందే? ఆ గిన్నెలు నీకేం చేశాయి?"

కోడలు చెప్పింది. డేటా వేర్‌హౌస్ అంటే ఏమిటో అత్తగారికి ఇరవై ఏళ్ళుగా అర్థం కాలేదు, కావాలనీ లేదు. కానీ చివరిదాకా విని, ముక్కుమీద వేలేసుకుంది.

"అంటే నిన్నటి కూర వేడిచేసి, ఇప్పుడే దింపానని వడ్డించాడన్నమాట! వాడికి ఆ గిన్నె అందించింది మీ ఆఫీసువాడే! ఇంకా చూస్తూ కూర్చున్నావేంటే, కడిగెయ్యక?"

"రిపోర్టులో కడుగుతానత్తయ్యా."

"కాగితం మీదా?" అని పెదవి విరిచింది అత్తగారు. "నోరెందుకిచ్చాడు దేవుడు?"

రిపోర్టు ముప్పై పేజీలు రాసింది. నీలం మంచి కూడా దాచలేదు. ఏడాది మొత్తం అమ్మకాల తీరు చూడాలంటే దాన్ని మించింది లేదని రాసింది. కానీ ఈ కంపెనీ అమ్మేది మందులు, మొదటి ప్రశ్నలో తప్పినదానికి మిగతా పదకొండింట్లో ఎన్ని మార్కులొచ్చినా లాభం లేదు, కాబట్టి ఆకుపచ్చ కొనాలి అని తేల్చింది. క్రితం రోజు తయారుచేసిన జవాబు సంగతి తేదీతో, టైముతో పెట్టింది.

వారం తర్వాత రిపోర్టు సంతకం కోసం ఆవిడ బల్లమీదికొచ్చింది. అది పద్ధెనిమిది పేజీలయింది. మొదటి ప్రశ్న పదో ప్రశ్న అయింది. దాని మార్కులు ముప్పై నుంచి మూడయ్యాయి. డెమో సంగతి ఒక్క ముక్క లేదు. 'తెర అందం' అనే కొత్త వరస వచ్చి చేరింది, దానికి ఇరవై మార్కులు. నీలం మొదటి స్థానం. అట్టమీద మాత్రం 'పోల్చి, పరిశీలించి తయారుచేసినవారు' అని ఆవిడ పేరు అలాగే ఉంది. ఎవరికీ గుర్తులేని అసలు పేరు, ఇంటిపేరుతో సహా, వాళ్ళకి ఆ రోజు గుర్తొచ్చింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితాలు తీసుకుని హెడ్డు గదిలోకి వెళ్ళింది.

"ఇది నేను రాసింది కాదు."

"చిన్న సవరణలు మేడమ్. బోర్డుకి అర్థమయ్యేలా కుదించాం."

"ముప్పై మార్కులు మూడైతే కుదించడమా? ప్రశ్నల కాగితం వాళ్ళకెవరిచ్చారండీ?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారు" అన్నాడు హెడ్డు. కోపంగా ఉన్న ఆడమనిషికి చెప్పడానికి ఆ జాతి మనుషుల దగ్గర ఈ ఒక్క ముక్కే ఉంటుంది. లంచం తిన్నాడా అంటే అదీ కాదు. ముందు కంపెనీలో నీలం ప్లాట్‌ఫాం పెట్టించింది అతనే. వాళ్ళ వార్షిక సభలో వేదిక మీద మాట్లాడటానికి అతన్ని పిలిచారు. ఇంకోటి కొంటే ఆ వేదిక ఉండదు. అంతమాత్రానికే.

ఆవిడ సంతకం పెట్టలేదు. మర్నాడు అట్టమీద పేరు మారింది. 'కళ్ళజోడు' అని అందరూ పిలిచే మనిషి పెట్టాడు సంతకం. అతనికి కంప్యూటర్ పని అక్షరం అక్షరం నేర్పింది ఆవిడే. అక్కా అక్కా అంటూ పదేళ్ళు వెనక తిరిగాడు. వరండాలో ఎదురుపడితే నీళ్ళు నమిలాడు.

"నాకు ఇద్దరు పిల్లలక్కా. మీరంటే తట్టుకోగలరు."

"పిల్లలకి జ్వరమొస్తే మన మందే కదరా వేస్తావు?" అంది. అతను తలదించుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆవిడకి హెడ్డు మీదకన్నా అతని మీదే ఎక్కువ కోపం వచ్చింది, ఎక్కువ బాధా కలిగింది.

నీలం కొన్నారు. పాతదాన్ని ఆపేశారు. పది నిమిషాలకోసారి సరుకు లెక్క ఎక్కించే ఏర్పాటు నీలంలోనూ పెట్టొచ్చట. "పెట్టొచ్చండీ, కానీ మీ ఒప్పందంలో లేదు" అన్నాడు నీలం కవరు మనిషి. అడిగితే హెడ్డు, "ఈ ఏడాది ప్రణాళికలో లేదు" అన్నాడు. ఆవిడ బల్లని మూడో అంతస్తు నుంచి దించి డిపోలో, గుమాస్తా పక్కన వేశారు. అనుభవం కింది స్థాయిలో ఉపయోగపడాలట.

నాలుగో నెలలో రక్తపోటు మాత్రల బ్యాచ్ ఒకటి ఆపమని కబురొచ్చింది. కొత్త ప్లాట్‌ఫాం నలభై నిమిషాలు చక్రం తిప్పి జాబితా ఇచ్చింది, పొద్దున దిగిన పెట్టెలు మినహా. ఆవిడ డ్రైవర్లు తెచ్చిన రసీదు కాగితాలు బల్లమీద పరిచి, ఒక్కో కొట్టు పేరూ చూసి, గొంతు పోయేదాకా నలభై ఒక్క కొట్లకి ఫోన్లు చేసింది. ఒక్క మాత్రా అమ్ముడుపోలేదు.

తర్వాతి నెల కంపెనీ పత్రికలో మొదటి పేజీలో హెడ్డు ఫోటో వచ్చింది. కింద, 'కొత్త ప్లాట్‌ఫాంతో ఒక్క కొట్టూ తప్పిపోలేదు' అని ఉంది. తప్పిపోని మాట నిజమే. పత్రిక నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసి, తిన్నగా ఛైర్మన్ గదికి వెళ్ళింది. ముప్పై రెండేళ్ళలో పిలవకుండా ఆ గదికి వెళ్ళడం అదే మొదటిసారి. ఈసారి కాగితం పట్టుకెళ్ళలేదు, నోటితోనే కడిగేసింది. ఛైర్మన్ చెడ్డవాడు కాదు. విన్నాడు. "సోమవారం మీటింగ్ పెడదామమ్మా" అన్నాడు.

సోమవారం పదిన్నరకి మూడో అంతస్తులో అద్దాల గది. హెడ్డు మీటింగుల్లో ఫోన్లు మోగకూడదు, అందరి ఫోన్లూ తలుపు బయట బుట్టలో పెట్టాలి. ఆవిడా పెట్టింది. గోడమీద తెల్లటి తెరపై 'బ్యాచ్ ఉపసంహరణ విధానం' అని వెలిగింది. హెడ్డు నింపాదిగా ఒక్కో మెట్టూ చదివాడు.

"ఏడో మెట్టు. ఆనాటి ఉదయం పంపిన సరుకు విషయమై సీనియర్ సిబ్బంది ఫోన్ ద్వారా సమాచారం అందించవలెను."

"సీనియర్ సిబ్బంది అంటే ఎవరండీ?" అంది ఆవిడ.

"మీరే మేడమ్. మీ సేవలకి ఇది అధికారికమైన గుర్తింపు."

"అంత పెట్టి కొన్న యంత్రంలో ఒక మెట్టు నేనా?"

ఎవరో నవ్వారు. కళ్ళజోడు కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"నేను నాలుగేళ్ళలో రిటైరవుతాను. ఆ మర్నాడు పొద్దున దిగిన పెట్టెలకి ఎవరు ఫోన్ చేస్తారు?"

"అప్పటికి చూద్దాం లెండి" అన్నాడు హెడ్డు.

అప్పుడర్థమైంది ఆవిడకి. ఫోన్ చెయ్యకుండా తను ఊరుకోదని వీళ్ళకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఆ ధైర్యంతోనే కొన్నారు దాన్ని. ఇంత కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకుంది.

అప్పుడే తలుపు తోసుకుని డిపో గుమాస్తా లోపలికొచ్చాడు. మూడంతస్తులు మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, మాట రావడం లేదు.

"మేడమ్, ఇరవై నిమిషాల నుంచి చేస్తున్నా... ఎత్తరేంటండీ? పిల్లల జ్వరం సిరప్ ఆపమని ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. మందు పదింతల చిక్కగా పడిందట. పొద్దున ఇరవై ఆరు కొట్లకి దింపేశాం."

ఆవిడ ఇంకేమీ వినలేదు. గుమాస్తా చేతిలోని రసీదులూ, బుట్టలోంచి ఫోనూ లాక్కుని మెట్లు దిగుతూనే మొదటి నంబరు నొక్కింది. "బాబూ, పొద్దున మా బండి దింపిన పెట్టె విప్పారా? విప్పకండి, అమ్మకండి, పక్కన పెట్టండి." ఒకటి, రెండు, పది, పదిహేను. ఇరవయ్యో కొట్టువాడు సందేహంగా ఆగాడు.

"ఒక సీసా ఇచ్చానండీ. ఎవరో తాతగారు, మనవడికని పట్టుకెళ్ళారు."

"ఎంతసేపైంది?"

"పావుగంట ఉంటుంది."

"పేరు?"

"తెలీదండీ. ఎప్పుడూ చూడలేదు."

"కొట్టు మూసెయ్యి బాబూ. పరిగెత్తు. కనిపించిన ప్రతి వాళ్ళనీ అడుగు" అంది. వాడు మంచివాడు, ఎందుకని అడగలేదు. షట్టరు దించిన చప్పుడు ఫోన్లో వినిపించింది. మిగతా ఆరు కొట్లకీ చేసింది. అవన్నీ క్షేమం. గుమాస్తాని పోలీసులకి, ఆ చుట్టుపక్కల ఆసుపత్రులకి చెప్పమని పురమాయించి, ఫోన్ పట్టుకుని మళ్ళీ మూడంతస్తులూ ఎక్కింది.

అద్దాల గదిలో కాఫీలు వచ్చాయి. తెరమీద ఏడో మెట్టు అలాగే వెలుగుతోంది. ఛైర్మన్ తల ఎత్తి చూశాడు.

"ఇరవై అయిదు ఆపాం" అంది. "ఒకటి అమ్ముడుపోయింది. ఎవరికో తెలీదు. ఒక పిల్లాడికి."

హెడ్డు గొంతు సవరించుకున్నాడు.

"దురదృష్టం. కానీ మేడమ్, ఇరవై ఆరింట్లో ఇరవై అయిదంటే, విధానం పనిచేసినట్టే కదా. అలా నమోదు చేద్దాం."

ఆవిడ అతన్ని తిట్టలేదు. తిట్టడానికి తెలుగులో ఉన్న మాటలన్నీ ఆ క్షణాన నోటిదాకా వచ్చాయి, ఒక్కటీ చాలదనిపించింది. ఆ కొట్టు నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ అతని కాఫీ కప్పు పక్కన ఉంచింది.

రెండు రింగులకే ఎత్తాడు కొట్టువాడు. రొప్పుతున్నాడు. వెనకాల బళ్ళ హోరు వినిపిస్తోంది.

"అమ్మా, మూడు వీధులు తిరిగాను. ఎవరూ చూడలేదంటున్నారు. ఇక్కడి నుంచి రోడ్డు రెండుగా చీలుతుంది. ఎటు వెళ్ళమంటారు?"

ఫోన్లో వాడు "అమ్మా, వింటున్నారా? ఎటండీ?" అని ఇంకోసారి అడిగాడు.

ఆవిడ ఫోన్ని హెడ్డు వైపు ఇంకొంచెం జరిపింది.

"అడుగుతున్నాడు. చెప్పండి" అంది.